పాత బుల్లెట్‌ను ఇంటి దగ్గరే బాబర్‌గా మార్చాలంటే చాసిస్ వెనుక భాగం కోయవలసిందేనా?

గుత్తి వాసి (అనంతపురం జిల్లా) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా నాయన 1987లో కొన్న 350 సి.సి. బుల్లెట్ మా ఇంటి వెనుక వేపచెట్టు కింద, రేకుల షెడ్డులో ఎనిమిదేళ్లుగా కదలకుండా ఉంది. గుత్తి డీజిల్ షెడ్డులో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన డ్యూటీకి వెళ్లివచ్చింది దాని మీదే కాబట్టి అమ్మడానికి ఇంట్లో ఎవరికీ మనసు ఒప్పలేదు. అలాగని దానిని తుప్పుకు వదిలేయడానికీ నాకు మనసు రావడం లేదు. పోత ఇనుప బోరుతో వచ్చిన పాత ఇంజను అది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. నిరుడు ఇంజను విప్పించి పిస్టను రింగులు మార్పించాను, వాల్వులు కూర్పించాను. ఇప్పుడు రెండో మూడో కిక్కుకే స్టార్టు అవుతోంది. ఇక మిగిలింది పైరూపమే.

దీనిని బాబర్‌గా, అంటే అక్కరలేని భాగాలు తీసేసి తోక కురచ చేసిన బండిగా మార్చాలని నా కోరిక. వెనుక మడ్‌గార్డు కురచగా కోసి, ముందుది తీసేసి, స్ప్రింగులున్న ఒంటి సీటు పెట్టి, వెనుక 16 అంగుళాల రిమ్ముకు లావుపాటి టైరు వేయాలనుకున్నాను. నా దగ్గర చేతి గ్రైండరు, డ్రిల్లింగ్ మిషను, స్పానర్ల సెట్టు ఉన్నాయి. వెల్డింగు పని మాత్రం బయట చేయించాలి. మా ఊరి వెల్డింగు షాపులో అడిగితే, అసలైన బాబర్‌కు వెనుక షాకబ్జార్లు ఉండవనీ, చాసిస్ వెనుక భాగాన్ని కోసేసి ఇరుసు దాకా నేరుగా పైపులు అతికితే ఆ అందమే వేరనీ, ఒక్కరోజులో పని అయిపోతుందనీ చెప్పారు. ఫోనులో చూపించిన బొమ్మలు నిజంగానే బాగున్నాయి. కానీ ఒకసారి చాసిస్ కోస్తే మళ్లీ వెనక్కు రాలేమన్న భయం పట్టుకుంది. పైగా మా అమ్మ ఇరవై ఏళ్లు ఆ బండి వెనుక కూర్చుని తిరిగిన మనిషి. బాగైతే ఒకసారి దాని మీదే తాడిపత్రి చింతల వేంకటరమణస్వామి గుడికి తీసుకుపొమ్మని అడుగుతోంది. ఒంటి సీటు పెడితే ఆ మాట ఎలా నిలబెట్టుకోవాలో తెలియడం లేదు. ఇలాంటి పని స్వయంగా చేసినవారు దయచేసి చెప్పండి.

పాలకొండ బాట (కడప) ఇచ్చిన సమాధానం:

గుత్తి సోదరునికి నమస్కారం. నేను ఇంటి దగ్గర రెండు బండ్లు ఇలా మార్చాను. మొదటిది యెజ్డీ, రెండవది మీ బండిలాంటి పాత బుల్లెట్. మొదటి దానికి చాసిస్ కోయించాను, రెండవ దానికి కోయించలేదు. ఈ రోజు నేను నడుపుతున్నది రెండవ దానినే. కాబట్టి నా సమాధానం మొదటే చెబుతాను: చాసిస్ కోయించవద్దు.

అసలైన బాబర్‌కు వెనుక షాకబ్జార్లు ఉండవన్న మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే మీ సందేహం సగం తీరిపోతుంది. 1930లు, 40లలో అమెరికాలో కుర్రవాళ్లు, యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు తమ బరువైన బండ్లను వేగంగా నడపాలని అక్కరలేని భాగాలన్నీ విప్పేసి, వెనుక మడ్‌గార్డును కురచ చేశారు. గుర్రానికి తోక కత్తిరించినట్లు బండి తోకను కత్తిరించారు కనుక దానికి బాబ్ జాబ్ అన్న పేరు వచ్చింది, అదే తరువాత బాబర్ అయింది. ఆ కాలపు బండ్లకు వెనుక షాకబ్జార్లు కంపెనీయే ఇవ్వలేదు. హార్లే డేవిడ్‌సన్ పెద్ద బండ్లకు వెనుక సస్పెన్షను వచ్చింది 1958లోనే. అంటే ఆ కుర్రవాళ్లు షాకబ్జార్లు కోసి పారేసినవారు కారు, వాళ్లకు అవి లేనే లేవు. వాళ్లు తీసేశారే తప్ప చాసిస్ జోలికి పోలేదు. మెడ (చాసిస్ ముందు హ్యాండిల్ తిరిగే చోటు) కోసి, ముందు ఫోర్కును పొడుగు చేసి, చాసిస్ ఆకారమే మార్చేది చాపర్, అది తరువాత వచ్చిన వేరే సంప్రదాయం. బుల్లెట్ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. 1949లో ఆ బండి ఇంగ్లండులో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ప్రత్యేకత వెనుక స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చట్రం), షాకబ్జార్లే. అప్పటికి చాలా కంపెనీల బండ్లకు అవి లేవు. ఏ గుణం వల్ల బుల్లెట్ పేరు తెచ్చుకుందో దానినే కోసేయడం నాకు న్యాయంగా తోచదు. 2024 నవంబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ తీసుకువచ్చిన గోవన్ క్లాసిక్ 350 బాబర్‌కు కూడా వెనుక షాకబ్జార్లు ఉన్నాయి.

ఇక పనితనం సంగతి. పాత బుల్లెట్ చాసిస్‌కు ఇంజను కింద పైపు ఉండదు. ముందు పైపు ఇంజను దగ్గరికి వచ్చి ఆగిపోతుంది, అక్కడి నుంచి వెనుక దాకా ఇంజనే చాసిస్‌లో భాగంగా బరువు మోస్తుంది. ఇంజను దించి ఆ చాసిస్‌ను కోస్తే, పైపులలో అణగి ఉన్న బిగువు విడిపోయి, కోసిన చోట కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. దానిని జిగ్‌లో (కదలకుండా పట్టి ఉంచే చట్రంలో) బిగించకుండా కంటిచూపుతో అతికితే వెనుక చక్రం, ముందు చక్రం ఒకే గీతలోకి రావు. నా యెజ్డీకి జరిగింది ఇదే. హ్యాండిల్ వదిలితే బండి ఎప్పుడూ ఎడమకే లాగేది, చెయిను ఆరు నెలలకే ఒక పక్క అరిగిపోయేది. ఎంత పక్కకు పోయిందో తెలుసుకోవడానికి మా ఇంటి వరండాలో పరచిన కడప బండల మీద నీటిమట్టం పెట్టి, బాగా సమంగా ఉన్న రెండు బండలు చూసుకుని, వాటి మీద చాసిస్ నిలబెట్టి, మెడ నుంచి ఇరుసు దాకా దారం లాగి కొలిచాను. పదకొండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. మీరు ఏ పనీ మొదలుపెట్టకముందే ఈ కొలత ఒకసారి తీసుకోండి. 1987 నాటి బండి ఎప్పుడైనా పడి ఉంటే తేడా అప్పుడే బయటపడుతుంది.

బండి వెనుక ఎత్తు తగ్గిస్తే ఏమవుతుందో కూడా లెక్క వేసి చూడండి. బుల్లెట్ రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 1370 మిల్లీమీటర్లు. వెనుక 50 మిల్లీమీటర్లు దించితే బండి మొత్తం రెండు డిగ్రీలు వెనక్కు వాలుతుంది, ముందు ఫోర్కు కూడా అంతే వాలుతుంది. తిన్నని రోడ్డు మీద అది హాయిగానే ఉంటుంది కానీ, సంతవీధిలో నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు హ్యాండిల్ బరువెక్కి తనంతట తానే లోపలికి పడబోతుంది.

లావు టైరు విషయంలో ఒక మంచి సంగతి, ఒక చెడ్డ సంగతి చెబుతాను. లెక్క ప్రకారం 3.25-19 టైరు మొత్తం ఎత్తు సుమారు 648 మిల్లీమీటర్లు, 5.00-16 టైరు ఎత్తు సుమారు 660. అంటే రిమ్ము చిన్నదైనా చక్రం ఎత్తు దాదాపు మారదు, గేరింగు కూడా మారదు. అయితే వెడల్పు 83 నుంచి 127 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, అంటే ఒక్కో పక్క 22 మిల్లీమీటర్లు. చెయిను పక్క అంత చోటు లేదు. చోటు కోసం కొందరు రిమ్మును స్పోకులతో కుడివైపుకు లాగిస్తారు, అప్పుడు మళ్లీ రెండు చక్రాలూ ఒక గీతలో ఉండవు. నేను 19 రిమ్మునే ఉంచి, దిమ్మెల అచ్చున్న 3.50 టైరు వేశాను. మడ్‌గార్డు కురచ అయ్యేసరికి టైరు ఎక్కువగా బయటపడి, ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది. మడ్‌గార్డును స్వింగ్ ఆర్మ్‌కే బిగించండి. చక్రంతో పాటు అదీ లేచి దిగుతుంది కాబట్టి టైరుకు, రేకుకు మధ్య ఇరవై మిల్లీమీటర్లు చాలు, టైరును హత్తుకున్నట్లు ఉంటుంది.

చివరగా బ్రేకుల మాట, ఇది నేను బతిమాలి చెబుతున్నాను. వెనుక పెద్ద సీటు, క్యారియరు, మడ్‌గార్డు తీసేస్తే వెనుక చక్రం మీద బరువు తగ్గి, కాలి బ్రేకు కాస్త గట్టిగా తొక్కితే చాలు చక్రం పట్టేసి జారుతుంది. అప్పుడు ఆధారం ముందు బ్రేకే, పాత బుల్లెట్ ముందు డ్రమ్ము ఏమంత బలమైనది కాదు. రాయచోటి నుంచి కడప వస్తూ గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు నా ముందు బ్రేకు వేడెక్కి లివరు హ్యాండిల్‌కు తగిలేదాకా వచ్చింది. రెండో గేరులో ఇంజను పట్టుమీదే చివరిదాకా దిగాను. తరువాతి మోడళ్లకు వచ్చిన ఏడంగుళాల, రెండు లీడింగ్ షూల (రెండు బ్రేకు షూలూ గట్టిగా పట్టే) డ్రమ్ము సంపాదించి వేశాక గానీ ఆ ఘాటు మళ్లీ దిగలేదు. రంగుకు పెట్టే డబ్బులో సగం ముందు బ్రేకుకు పెట్టండి.

రేగడి నేల (ఆలూరు, కర్నూలు జిల్లా) ఇచ్చిన సమాధానం:

కడప అన్నగారు చెప్పినదానిలో చాసిస్ మాట, బ్రేకు మాట అక్షరాలా నిజం. ఒక్క మడ్‌గార్డు విషయంలో మాత్రం నేను విభేదిస్తాను. టైరును హత్తుకునేలా ఇరవై మిల్లీమీటర్ల సందు అన్నది కడప పక్క రోడ్లకు సరిపోతుందేమో గానీ మా నల్లరేగడికి సరిపోదు. నా బండికి అలాగే చేయించాను. వానాకాలంలో పత్తి చేను పక్క బాటలో అర కిలోమీటరు పోయేసరికి మట్టి టైరుకు పొరలు పొరలుగా అంటుకుని, మడ్‌గార్డు కింద దట్టించుకుపోయి, వెనుక చక్రం తిరగడమే మానేసింది. నెమ్మదిగా పోతున్నాను కాబట్టి మోకాలు చీరుకోవడంతో పోయింది. పుల్లతో మట్టి గీకి గీకి తీసి, చీకటి పడ్డాక ఇల్లు చేరాను. గుత్తి దాటి పత్తికొండ వైపు వస్తే మీకూ ఇదే నేల. కనీసం నలభై, నలభై ఐదు మిల్లీమీటర్ల సందు ఉంచుకోండి. ముందు మడ్‌గార్డు పూర్తిగా తీసేయడం కూడా మంచిది కాదు. చిన్న రేకైనా లేకపోతే బురద నీళ్లు, కంకర రాళ్లు నేరుగా ఇంజను మీదికి, మీ మొహం మీదికి వస్తాయి. పైగా చాలా బండ్లకు ఆ మడ్‌గార్డు పట్టీలే ముందు ఫోర్కు రెండు కాళ్లనూ కలిపి బిగువుగా ఉంచుతాయి.

రెండో సంగతి అదురు. ఈ ఇంజను స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, ఒకే పెద్ద పిస్టను. అది పుట్టించే అదురుకు మామూలు నట్టు ఏదీ నిలవదు. మడ్‌గార్డును కురచగా కోసినప్పుడు వెనుక కడ్డీల ఆధారం పోతుంది, రేకంతా ముందున్న రెండు మూడు బోల్టుల మీద వేలాడుతుంది. నాది నాలుగు నెలలకే బోల్టు రంధ్రాల దగ్గర చిరిగింది. రెండోసారి లోపలివైపు మూడు మిల్లీమీటర్ల పట్టీ వేసి, రేకుకు పట్టీకి మధ్య రబ్బరు వాషర్లు పెట్టి, నైలాను రింగున్న నట్లు బిగించాను, మూడేళ్లయింది, చెక్కుచెదరలేదు. ఎక్కడైనా సన్నని పగులు కనిపిస్తే దాని కొసన మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే పగులు ముందుకు పాకదు, తరువాత తీరికగా వెల్డింగు పెట్టించుకోవచ్చు. వెల్డింగు ఏ చిన్నదైనా సరే, ముందు బ్యాటరీ వైర్లు విప్పి, రెక్టిఫయరును (బ్యాటరీకి కరెంటును సరిచేసి పంపే భాగాన్ని) బండి నుంచి వేరు చేయండి. పెట్రోలు ట్యాంకు బండి మీద ఉండగా నిప్పురవ్వ పుట్టే పని ఏదీ చేయనివ్వకండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపలి ఆవిరే అంటుకుంటుంది.

సైలెన్సరు కోసి పొట్టి గొట్టం పెడితే బలం పెరుగుతుందన్నది భ్రమ. పొగ దారి సులువై గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయిపోయి హెడ్డు విపరీతంగా వేడెక్కుతుంది. మన ఎండల్లో, నలభై రెండు డిగ్రీల మధ్యాహ్నం, ఇనుప బోరు ఇంజనుకు అది పెద్ద శిక్ష. మార్చి తీరాలనుకుంటే కార్బురేటరులో మెయిన్ జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న ముక్క) ఒక సైజు పెంచి, స్పార్కు ప్లగ్గు రంగు చూసుకోండి. తెల్లగా ఉంటే ఇంకా పెట్రోలు చాలడం లేదని అర్థం.

హ్యాండిల్ మారుస్తున్నారో లేదో మీరు చెప్పలేదు. మారిస్తే, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి చూడండి. ఎక్కడైనా ఇంజను వేగం పెరిగితే యాక్సిలరేటరు కేబులు లాగబడుతోందన్నమాట.

బురుజు పక్క (కర్నూలు) ఇచ్చిన సమాధానం:

పనితనం గురించి పెద్దలు చెప్పారు, నేను కాగితాల గురించి చెబుతాను, ఎందుకంటే ఇంత శ్రమపడి చేసిన బండి రోడ్డు మీదికి రాలేకపోతే బాధ మాటల్లో చెప్పలేనిది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ మొదట పేర్కొన్న వివరాలకూ ఆర్.సి.లోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. చాసిస్ కోసి అతకడం ఏ కోణంలో చూసినా దీని కిందికే వస్తుంది.

మీ బండికి ఇంకొక చిక్కు ఉంది. 1987 బండికి మొదటి 15 ఏళ్లు 2002తో అయిపోయాయి, అప్పటి నుంచి అయిదేళ్లకొకసారి రెన్యువల్. మీ నాయనగారు ఆలస్యం చేయకుండా చేయించి ఉంటే తరువాతిది 2027లో వస్తుంది. అప్పుడు ఇన్‌స్పెక్టరు బండిని ఎదురుగా పెట్టుకుని చూస్తారు. ఆర్.సి.లో ఇద్దరు కూర్చునే బండి అని ఉండగా ఒంటి సీటు కనిపిస్తే అభ్యంతరం వస్తుంది. వెనుక కూర్చునే వీలున్న బండికి పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకునే రెస్టులు, వెనుక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే గార్డు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 123వ నియమం చెబుతోంది. చీర కట్టుకుని కూర్చునే మీ అమ్మగారికి ఆ గార్డు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. రంగు కూడా ఆర్.సి.లో రాసి ఉంటుంది కాబట్టి, మార్చదలిస్తే రంగు వేయించకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, ఆ మార్పు నమోదు చేయించుకోండి. బీమా కంపెనీకి కూడా తెలియజేయండి.

అందువల్ల నా సలహా ఒక్కటే. ప్రతి మార్పూ బోల్టులతోనే చేయండి. స్పానరుతో పెట్టినది స్పానరుతో తీయగలిగేలా ఉండాలి. నాయనగారి అసలు మడ్‌గార్డుకు, సీటుకు, సైలెన్సరుకు గ్రైండరు తగలనివ్వకండి. పాత ఇనుము అంగట్లో మరొక మడ్‌గార్డు కొని దానిని కోసుకోండి. అసలు భాగాలకు నూనె పూసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి. రెన్యువల్ ముందు రోజు వాటిని తిరిగి బిగించుకోవచ్చు. రెన్యువల్ అయిపోయాక మళ్లీ తీసేసి తిరిగితే రోడ్డు మీద అదే చట్టం వర్తిస్తుందన్నది మాత్రం మరచిపోకండి, ఆర్.సి.కి సరిపోయే రూపంలోనే బాబర్ అందం తెచ్చుకోగలిగితే అంతకంటే మేలు లేదు.

గుత్తి వాసి:

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. చాసిస్ కోయించే ఆలోచన మానుకున్నాను. వెల్డింగు షాపు ఆయనకు కూడా ఇంజను దించి కోస్తే చాసిస్ బిగువు విడిపోతుందన్న సంగతి చెబితే, నిజమేనని ఒప్పుకున్నారు. ఆలూరు అన్న చెప్పినట్లు ముందు మడ్‌గార్డును తీసివేయక, అలాగే ఉంచుతాను. సైలెన్సరు ముట్టుకోను.

ఒక్క సందేహం మిగిలింది. అమ్మ కోసం వెనుక చిన్న సీటు విప్పి పెట్టుకునేలా చేయాలనుకుంటున్నాను. కడప అన్న చెప్పినట్లు మడ్‌గార్డు స్వింగ్ ఆర్మ్‌కు బిగిస్తే, ఆ సీటును మడ్‌గార్డు మీదే పెట్టవచ్చా?

పాలకొండ బాట (కడప):

పెట్టకూడదు తమ్ముడూ. మీ అమ్మగారి విషయం చదివి కూడా మడ్‌గార్డును స్వింగ్ ఆర్మ్‌కు బిగించమనడం నా పొరపాటు. స్వింగ్ ఆర్మ్ మీద మనిషి బరువు పెడితే షాకబ్జార్లు ఉండీ లేనట్లే. ప్రతి గుంతా నేరుగా ఆమె వెన్నుకు తగులుతుంది, రేకు కూడా నిలవదు. ఆలూరు సోదరుడు చెప్పిన రేగడి సంగతి కూడా నాకు అనుభవంలో లేదు, ఆయన మాటే వినండి.

మీరు చాసిస్ వెనుక పైపులను కోయడం లేదు కాబట్టి పని సులువే. పోలీసు శాఖలో, సైన్యంలో నడిచిన పాత బుల్లెట్లకు ముందు స్ప్రింగు సీటు, వెనుక విడిగా ఇంకొక సీటు ఉండేవి. ఆ పద్ధతినే తీసుకోండి. వెనుక సీటు పట్టీలను ఆ రెండు పైపులకు, రెండు పక్కలా రెండేసి బోల్టులతో బిగించండి. పిడి, కాళ్ల రెస్టులు, చీర గార్డు ఉన్నవి ఉన్నట్లే ఉండనివ్వండి. మడ్‌గార్డును కూడా చాసిస్‌కే బిగించండి. కాకపోతే కోయడానికి ముందు షాకబ్జార్లు రెండూ విప్పి, చక్రాన్ని జాకీతో స్వింగ్ ఆర్మ్ ఆగేదాకా పైకి లేపి, అప్పుడు టైరుకు రేకుకు మధ్య ఎంత సందు మిగులుతుందో కొలవండి. ఆ స్థితిలోనూ కనీసం ఇరవై మిల్లీమీటర్లు మిగలాలి. మామూలుగా నిలబడి ఉన్నప్పుడు అది ఎలాగూ ఆలూరు లెక్క కంటే ఎక్కువే ఉంటుంది. చూడడానికి టైరుకు కాస్త ఎడంగా కనిపిస్తుంది, దానికి బాధపడకండి.

కోయాల్సిన గీతను రేకు మీద నేరుగా గీయకుండా, ముందు అట్టముక్కను ఆ ఆకారంలో కోసి, టేపుతో అంటించి, పది అడుగుల దూరం నుంచి చూడండి. నేను మూడుసార్లు అట్ట మార్చాను.

గుత్తి వాసి:

ఈ ఆదివారం షాకబ్జార్లు విప్పి, చక్రాన్ని పూర్తిగా పైకి లేపి కొలిచాను. పాత మడ్‌గార్డు ఉన్న ఎత్తులోనే 34 మిల్లీమీటర్ల సందు మిగిలింది. మా వరండాలో కూడా బండలే కాబట్టి దారం లాగి కూడా చూశాను. మెడకు, వెనుక ఇరుసుకు మధ్య తేడా రెండు మిల్లీమీటర్ల లోపే ఉంది. గుంతకల్లు పాత ఇనుము అంగట్లో వంకర లేని వెనుక మడ్‌గార్డు ఒకటి దొరికింది, అట్టముక్క దాని మీదే అంటించి పెట్టాను. అమ్మ వచ్చి చూసి, వెనుక సీటుకు పిడి కుడివైపు ఉంటే తనకు పట్టు దొరుకుతుందని చెప్పింది కాబట్టి, పట్టీ రంధ్రాలు వేయకముందు ఆమెను ఒకసారి కూర్చోబెట్టి చూస్తాను.